తప్పిపోయిన సిపాయి చొక్కా

కోయంబత్తూరు దగ్గర కారమడై దాటినాక కరివేపాకు తోటల నడుమ తిరుమలమ్మాళ్ ఇల్లు ఉంది. ఆ ఇంటికి కొత్తబట్ట ఏది వచ్చినా ముందు చనిపోయిన పెద్దలు కట్టి విడవాల్సిందే. మూలన ఇంత పసుపు పూసి, పెద్దల గదిలో పీట మీద పరిచి, ఈ బట్ట ఫలానావాళ్లదని పైకి చెప్పి, ఎదురుగా ఆకేసి అన్నం పప్పు వడ్డించి తలుపు మూసేస్తారు. ఇంటిల్లిపాదీ బయట తిన్నె మీద కూర్చుని కాసేపు నోరు మెదపరు. ఆ తర్వాత తలుపు తట్టి, లోపలివాళ్లు సర్దుకునేంతసేపు ఆగి, తీస్తారు. బట్ట నలిగి ఉంటుంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ముక్కుపొడి వాసన కొడితే ముత్తాత కట్టినట్టు. కొంగుకో తాడుకో ముడి పడి ఉంటే అది తిరుమలమ్మాళ్ అత్తగారు పొన్నమ్మాళ్ పని. ఆకు మాత్రం పెద్దలు ముట్టరు, వాసన చూసి పోతారు.

నచ్చని బట్టను వాళ్లు కన్నెత్తి చూడరు. తిరుమలమ్మాళ్ కొడుకు ఈశ్వరన్ పెళ్లికి ముందు మోజుపడి కుట్టించుకున్న సఫారి సూటు ఎన్నిసార్లు పెట్టినా మడత నలగలేదు. చివరికది తోటలో దిష్టిబొమ్మకు పోయింది. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడదు. ఊళ్లో ఏ ఇంటి పెద్దల అలవాట్లు ఆ ఇంటివి.

జూన్ నడుమ మొదలయ్యే ఆని నెలలో ఈశ్వరన్ కొడుకు వసంత్‌కి పుట్టినరోజు వచ్చింది. ఇంక పిల్లలు లేరులే అనుకున్నాక పుట్టినవాడు, వాడేమంటే అది జరిగే ఇల్లు. ఈసారి వాడు మిలిటరీ పార్టీ కావాలన్నాడు. వాడి క్లాసు పిల్లవాడెవడో కోయంబత్తూరులో హాలు పట్టి చేసుకున్నాడట. వల కింద పాకడం, తాడు పట్టుకుని ఎక్కడం, ట్యాంకు ఆకారంలో కేకు, వచ్చినవాళ్లందరికీ సిపాయి ఉడుపులు. అన్నం తింటూ ఇదంతా చెప్పేశాడు. ఈశ్వరన్ తల ఎత్తలేదు. వసంత్ వాళ్లమ్మ కళైవాణి చేతిలో గరిటె ఆగిపోయింది. అక్క ఆనంది మాత్రం అవ్వ తిరుమలమ్మాళ్ ముఖం వైపు చూసింది.

ఎందుకంటే ఆ ఇంట్లో పట్టాళం మాట ఎత్తేవాళ్లు లేరు. తిరుమలమ్మాళ్ భర్త అళగిరిసామి పట్టాళంలో చేరి, బంగ్లాదేశ్ యుద్ధంలో ఏదో నది దాటుతుండగా కనబడకుండా పోయాడు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, దొరకలేదన్నారు, అంతే. అప్పటికి ఈశ్వరన్ ఇంకా కడుపులో ఉన్నాడు. యాభై ఏళ్లు దాటినా తిరుమలమ్మాళ్ బొట్టు తియ్యలేదు, తాళి తియ్యలేదు, పెద్దల గదిలో భర్త పేరున ఒక్క పంచె పెట్టలేదు. పెడితే చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే కదా. వస్తాడు, వచ్చినప్పుడు చేతికే ఇస్తాను అనేది. ఖాకీరంగు మీద ఎంత పగంటే, వాళ్ల చుట్టం సెంతిల్ ఆటో తోలుతాడు, పాపం గేటు దగ్గరే ఖాకీచొక్కా విప్పి బనియన్ మీద లోపలికి వస్తాడు.

ఇంత పగ ఉన్న ఇంట్లో ఆనంది కోరిక చూడండి. కోయంబత్తూరులో డిగ్రీ ముగించి, మిలిటరీ ఆఫీసరు పరీక్ష రాసి, ఇంటర్వ్యూ, మెడికల్ అన్నీ దాటేసింది. ఇంక చెన్నై పోయి ట్రైనింగులో చేరడమే మిగిలింది. ఈశ్వరన్‌కి లోపల పొంగిపోతున్నా, మా అమ్మ సరే అంటేనే అన్నాడు. అవ్వ సరే అనలేదు. ఈ ఇంటినుంచి పోయినవాడు ఒకడు చాలు అని లేచిపోయింది. ఆ రోజునుంచి మనవరాలికి అన్నం పెడుతుంది, తలకు నూనె రాస్తుంది, మాట మాత్రం ఆడదు. ఎన్నడు చేరాలని కూడా అడగలేదు. అవ్వ ఒళ్లో పెరిగిన పిల్ల ఆనంది, ఆమెను దాటుకుని పోయే రకం కాదు. అవ్వ నోట సరే అన్న మాట రాకపోతే ఆ ఉద్యోగం ఇంక లేనట్టే.

అవ్వ చెయ్యి కడుక్కుని వచ్చి, ఆనంది వైపు చూడకుండా వసంత్‌తో చెప్పింది.

"తుపాకి కూడదు. ఎవురూ చచ్చే ఆట కూడదు. కాకీగుడ్డ గేటు దాటకూడదు. మిగతాది మీ ఇష్టం."

ఏర్పాట్లన్నీ ఆనంది మీద పడ్డాయి. ఆమె కూడా వద్దనలేదు. పిల్లల ఆటైనా చూసి అవ్వ మనసు కొంచెం మెత్తబడుతుందేమోనని ఆశ. తోటకు నీళ్లు పారే డ్రిప్పు పైపులు విప్పి, కట్టెలకు అడ్డదిడ్డంగా కట్టి పాకే వల చేసింది. కొబ్బరిమట్టలతో గుడారం కట్టింది. గాంధీపురం బస్సెక్కి, సాయంత్రం పూట జనంలో తోసుకుంటూ అంగడి అంగడీ తిరిగి ఆకులచ్చు వేసిన చిన్న ఉడుపులు తెచ్చింది. మేట్టుపాళయం బేకరివాడికి ఫిరంగి లేని ట్యాంకు కేకు చెప్పింది. ఫిరంగి లేకుండా ట్యాంకేంటమ్మా అని వాడు నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు.

వసంత్‌కి మాత్రం దిగులు పట్టుకుంది. తుపాకి లేదు, చావు లేదు, ఇంక యుద్ధంలో సిపాయిలు ఏం చేస్తారక్కా అన్నాడు. ఆనంది పైపు ముడి బిగించి లాగి చూసింది. వెదుకుతారు అంది. తప్పిపోయిన సిపాయి ఒకడుంటాడు, అందరూ కలిసి తోటంతా గాలించి వాణ్ణి పట్టుకుని ఇంటికి మోసుకొస్తే గెలిచినట్టు. వసంత్ ఎగిరి గంతేశాడు. నిజం చెప్పాలంటే ఆ మాట అన్నప్పుడు ఆనంది బుర్రలో తాత లేడు. అవ్వ పెట్టిన షరతుల మధ్య ఇమిడే ఆట ఒకటి కావాలి, అంతవరకే ఆలోచించింది.

తప్పిపోయిన సిపాయిగా సెంతిల్ ఒప్పుకున్నాడు. పిల్లలు మోస్తారంటే ఎవరు కాదంటారు. వాడి కొలతకు కళైవాణి ఇంట్లో మిషన్ మీద చొక్కా, ప్యాంటు కుట్టింది. ముదురు పచ్చ గుడ్డ. అవ్వ ఆ గుడ్డను వేళ్లతో నలిపి చూసి, ఇదేం రంగు అని అడిగింది. కరివేపాకు రంగవ్వా అని వసంత్ జవాబు చెప్పాడు. చుట్టూ ఉన్న తోటంతా ఆ రంగే కదా, అవ్వ గుడ్డను మిషన్ మీద పెట్టేసింది.

పుట్టినరోజునాడు మధ్యాహ్నం కళైవాణి బట్టలన్నీ పెద్దల గదిలో పరిచింది. ఇది వసంత్‌ది, ఇది పక్కింటి పాంచాలి కొడుకుది అని వరసగా చెప్పుకుంటూ పోయింది. పెద్ద చొక్కా దగ్గరికి వచ్చేసరికి, సెంతిల్ అనబోయి, ఆటకు కుట్టింది కదా అనుకుని, ఇది తప్పిపోయిన సిపాయిది అంది. ఆకేసి వడ్డించి తలుపు మూసి వచ్చింది. అందరూ తిన్నె మీద కూర్చున్నారు. లోపల ఎప్పటిలాగే చిన్న చిన్న అలికిడి. కాకపోతే ఆ రోజు నీళ్ల చప్పుడు కూడా వినిపించింది. కుళాయి కట్టెయ్యలేదేమోనని కళైవాణి లేవబోతే, ఈశ్వరన్ కూర్చోమని సైగ చేశాడు.

తలుపు తట్టేదీ తీసేదీ ఎప్పుడూ అవ్వే. తీసి, గడప మీద అట్లాగే నిలబడిపోయింది.

చిన్న ఉడుపులన్నీ ఎక్కడివక్కడే వెచ్చగా నలిగి ఉన్నాయి. ఒక ప్యాంటు తాడుకు పొన్నమ్మాళ్ ముడి కూడా ఉంది. పెద్ద చొక్కా మాత్రం పీట మీద లేదు. కిటికీ కింద విప్పి పారేసినట్టు పడి ఉంది. నీళ్లోడుతోంది. గదంతా ఏటి బురద వాసన. చొక్కా కుడిచెయ్యి లోపలికి తిరిగి ఉంది. ముందున్న ఆకు కడిగినట్టుంది, ఒక్క మెతుకు లేదు.

అవ్వ మెల్లగా కిందికి కూర్చుంది. ఆ తడిచొక్కా ఒళ్లోకి తీసుకుని, తిరగబడిన చెయ్యిని బయటికి లాగి సరిచేసింది. పెళ్లైన కొత్తలో రోజూ అదే గొడవ. ఒక చెయ్యి తిప్పకుండా చొక్కా విప్పడం ఆ మనిషికి చేతనయ్యేది కాదు, దాన్ని సరిచేస్తూ ఈమె సణుక్కునేది. ఆ మాట మెల్లగా చెప్పింది. చెప్పి, ఆకువైపు చూసి ఏడ్చింది. ఆమె ఏడవగా చూసినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

"ఆకలితో వచ్చినాడు," అంది. "ఇన్నేండ్లు ఎదురు చూస్తాండాను అనుకుంటిని. ఆయన్ని పస్తు పెట్టినాను."

కళైవాణి ముందుకు వచ్చింది. "నేనే అత్తా. సెంతిల్ పేరు చెప్పకుండా తప్పిపోయిన సిపాయిది అని చెప్పేసినాను."

"మంచిపని చేసినావు," అంది అవ్వ.

లేచి, ముఖం తుడుచుకుని, ఇంకో ఆకు తెమ్మంది. ఈసారి తనే వడ్డించింది. అన్నం మీద గుంట చేసి నెయ్యి పోసింది, ఆయనకు ఇష్టమని మామిడికాయ తొక్కు వేసింది. తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఈశ్వరన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తండ్రిని చూడని కొడుకు, ముసలితనం మొదలైన వయసులో, మూసిన తలుపు అవతల తండ్రి భోంచేస్తుంటే చెవొగ్గి విన్నాడు. మళ్లీ తలుపు తీసినప్పుడు ఆకు లోపలివైపుకు మడిచి ఉంది. ఆ ఊళ్లో తృప్తిగా తిన్నవాళ్లు ఆకును అట్లాగే మడుస్తారు.

ఇంక ఆట వద్దులే అని ఆనంది అనబోయింది. అవ్వ ఒప్పుకోలేదు, పిల్లలు వచ్చే వేళైంది, కానీండి అంది. చొక్కా పిండి దండెం మీద వేసింది. అది పూర్తిగా ఆరకముందే సెంతిల్ వచ్చాడు. సంగతంతా విని, నాకు భయంగా ఉంది పెద్దమ్మా అన్నాడు. ఆయన కట్టి విడిచిన బట్ట, అదృష్టముండాల తొడుక్కోను అని అవ్వ తనే గుండీలు పెట్టింది.

పార్టీ బాగా జరిగింది. పిల్లలు పైపుల కింద పాకారు, తాడు పట్టుకుని ఎక్కారు, జారిపడ్డారు. తోటంతా గాలించి, కాలువగట్టు కింద గుర్రుపెట్టి నిద్రపోతున్న సెంతిల్‌ని పట్టుకున్నారు. నులకమంచం మీద వేసి, అరుస్తూ, దారిలో రెండుసార్లు కింద పడేసి, తిన్నె దగ్గరికి మోసుకొచ్చారు. వసంత్ చెమటలు కక్కుతూ అవ్వకు సెల్యూట్ కొట్టాడు. తప్పిపోయిన సిపాయిని తెచ్చినాము అవ్వా అన్నాడు. అవ్వ మంచం దగ్గరికి పోయి, సెంతిల్ తల నిమిరి, చెంబుతో నీళ్లిచ్చి తాగించింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఫిరంగి లేని ట్యాంకు అచ్చం తాబేలులా వచ్చిందని బేకరివాణ్ణి తిట్టుకుంటూనే దాన్ని కోసుకుతిన్నారు.

కొడుకును తీసుకుపోవడానికి వచ్చిన పక్కింటి పాంచాలికి వంటింట్లో సంగతి తెలిసింది. ఆమె అవ్వ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, మరి బొట్టు సంగతేమి పెద్దమ్మా అని అడిగింది.

"ఇంటికొచ్చి అన్నం తినే మొగుడు ఉండగా బొట్టేల తీస్తానే?" అంది అవ్వ. పాంచాలి కొడుకు చెయ్యి పట్టుకుని గేటువైపు నడిచింది.

పొద్దు వాలేవేళకు పిల్లలందరూ వెళ్లిపోయారు. ఆనంది పైపులు విప్పుతుంటే అవ్వ పిలిచి పక్కన కూర్చోమంది. అన్ని వారాల తర్వాత అవ్వ తనను పిలవడం అదే మొదలు. ఆనంది చేతిలో పైపు కింద పడేసి వచ్చి కూర్చుంది.

"నీకు నేర్పేది ఏ ఊళ్లో?"

"చెన్నైలో అవ్వా. ఏడాది. ఆ తరువాత ఎక్కడ వేస్తారో తెలీదు."

"నదులుండే తావుకు వేస్తే?"

అబద్ధం చెబితే తేలికే. ఆనందికి నోరు రాలేదు. "వెయ్యొచ్చు అవ్వా," అంది.

అవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ తోటవైపు చూసింది.

"మీ తాత రాలేదనే కదా నిన్ను వద్దంటిని. ఆయన రాక కాదు. నేను రానీలేదు. ఒక్క గుడ్డ పెట్టుంటే ఎన్నడో వచ్చుండు." ఆనంది వైపు తిరిగింది. "నువ్వు పో. కానీ నువ్వు నడిచి రావాల. లీవు పెట్టుకోని, బస్సెక్కి, వేళకు వచ్చి నా ఎదురుగా కూచోని తినాల. పొయ్యేటప్పుడు నాతో చెప్పి పోవాల. సరేనా?"

ఆనంది తల ఊపింది. చిన్నప్పటిలా అవ్వ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేసింది. అవ్వ ఆమె జుట్టులోంచి కరివేపాకు రెబ్బ ఒకటి తీసి పారేసింది.

"ఎన్నడు చేరాల?"

"వచ్చే సోమవారం."

"సోమవారమా? ఇంత దగ్గర పెట్టుకోని ఇప్పుడా చెప్పేది?" అవ్వ మనవరాలి తలను ఒళ్లోంచి లేపి నిలబడింది. మురుకులకు బియ్యం ఇప్పుడే నానెయ్యమని కోడల్ని కేకేస్తూ లోపలికి పోయింది.