తొమ్మిది దగ్గర నిలవని మర

తోడికోడళ్లిద్దరూ ముందుగదిలో కూర్చుని, టీచర్లు మెడలో వేసుకునే చిన్న మైకు పెట్టెలు తయారుచేసేవారు. పెట్టెకు తొమ్మిది వోల్టులు కావాలి. లోపలి సెల్లు చచ్చీచెడీ నాలుగిస్తుంది. ఆ నాలుగును తొమ్మిదికి పెంచడానికి మధ్యలో బొటనవేలంత బోర్డు ఒకటి ఉంటుంది. దాని మీది ఇత్తడి మరను సన్న స్క్రూడ్రైవరుతో తిప్పుతూ, మీటరులో తొమ్మిది కనబడగానే ఆపాలి. అది పెద్దకోడలి పని. చిన్నకోడలు వైర్లు అతికి, మూతలు బిగించేది.

"ఆ మర తిప్పడం నాకూ నేర్పించక్కా" అని చిన్నకోడలు ఒకసారి అడిగింది.

"నీ చెయ్యి దురుసు. వద్దులే" అనేసింది పెద్దకోడలు.

ఆ తర్వాతే పెట్టెలు కాలడం మొదలైంది. సాయంత్రం మరను తొమ్మిది దగ్గర పెట్టి వెళ్తే, పొద్దున స్విచ్చి వేయగానే చిటుక్కుమని పొగ. మీటరు పెడితే ఇరవై దాటి చూపించేది. మర తనంతట తాను తిరగదు కదా! ఆ గదిలోకి వచ్చేది మరొక్కతే. పెద్దకోడలి మనసులో పురుగు తొలిచింది.

ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా మరల మీద ఎర్రటి గోళ్లరంగు చుక్కలు పెట్టింది. తిప్పితే రంగు పగలాలి. పొద్దున చూస్తే చుక్క చెక్కుచెదరలేదు. పెట్టె మాత్రం కాలింది. అప్పుడే లోపలికొచ్చిన చిన్నకోడలి వేళ్లకు అదే ఎరుపు!

"గోళ్లకు రంగెప్పుడు వేసుకున్నావ్?"

"నిన్ననే. ఏం?"

"ఏం లేదు."

గీకేసి, తిప్పి, మళ్లీ చుక్క పెట్టిందన్నమాట. ఎంత తెలివి!

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారి వైపు తిరిగి పెద్దకోడలు అంది, "పెట్టెలకు చేతులున్నాయా అత్తయ్యా? ఎవరో ఒకరు తిప్పాలిగా."

చిన్నకోడలు ముద్ద కంచంలోనే వదిలేసింది. "ఎవరో ఏంటక్కా? నా మొహం చూసి అను."

"అన్నాననుకో!"

చిన్నకోడలు చెయ్యి కడుక్కుని లేచిపోయింది. మర్నాడు ముందుగదిలోకి రాలేదు. తలనొప్పని అత్తగారితో చెప్పించింది. "మీ మధ్య నన్ను టెలిఫోను తీగను చెయ్యకండే" అని ఆవిడ విసుక్కుంది.

పెద్దకోడలు ఒక్కతే కూర్చుంది. మీటరు తొమ్మిది చూపిస్తోంది. బిగుసుకుపోయిన సొరుగును విసురుగా లాగింది. బల్ల అదిరింది. అంకె ఒక్కసారిగా ఇరవై దాటింది! ఆమె చేతులు మర దగ్గర లేవు. పెన్సిలుతో మరను తట్టింది. తొమ్మిది. మళ్లీ తట్టింది. ఇరవై రెండు. మర లోపలి భాగమే వదులు. కదిలినప్పుడల్లా పట్టు తప్పుతోంది. మిగతావీ తట్టి చూస్తే, కొత్తగా తెప్పించిన బోర్డులన్నీ అదే బాపతు.

లేచి లోపలికి వెళ్లింది. చిన్నకోడలు బట్టలు మడతపెడుతోంది.

"తప్పు బోర్డుదే. నిన్ను అనవసరంగా అన్నాను, చెల్లీ."

చిన్నకోడలు తల ఎత్తలేదు. "నేనేమనుకున్నానో తెలుసా? నువ్వే తిప్పేసి నా మీదికి తోస్తున్నావని. నన్ను ఆ గదిలోంచి తరమడానికి."

"నేనా? నా పెట్టెలు నేనే కాల్చుకుంటానా!"

"మరి నేను మాత్రం కాలుస్తానా?"

పెద్దకోడలికి అప్పుడర్థమైంది. తను అంతగా కాపలా కాస్తుంటే, ఈ పిల్ల కూడా తనను కాపలా కాసిందన్నమాట.

ఆ మరలు పీకేసి, వాటి చోట విలువ మారని రెసిస్టర్లు అతికింది పెద్దకోడలు. చిన్నకోడలు వచ్చింది గానీ కూర్చోలేదు. మీటరు పెట్టి, పిడికిలితో బల్ల మీద ఒక్కటిచ్చింది. స్క్రూడ్రైవర్లు ఎగిరిపడ్డాయి. అంకె కదల్లేదు. ఇంకొకటిచ్చింది.

"చాల్లేవే, చెప్పానుగా!"

"నీ మాట నీది. నా కళ్లతో నేను చూసుకోవద్దూ?" అని మూడోది వేసింది.

లోపల్నుంచి అత్తగారు కేకేసింది. "ఎవరే కొట్టుకుంటున్నారు?"

"ఎవరూ కొట్టుకోవట్లేదత్తయ్యా!" అన్నారిద్దరూ.