దండెం మీద చొక్కా

సుద్దముక్కతో గీసిన చొక్కా.

నల్లబల్ల మీద ఒక అడ్డగీత. అది దండెం. దానికి వేలాడుతూ, రెండు చేతులూ చాచిన చొక్కా. గాలి లేకపోయినా ఊగుతున్నట్టుండేది.

శాలిబండ మలుపులో, టీ హోటలు గోడకు ఆ బల్ల. సాయంత్రం అయిదున్నరకు బస్సు దిగి, గొడుగు చంకలో ఇరికించుకుని, వీరరాఘవరావు దాని ముందు నిలబడేవాడు. జేబులోంచి సుద్దముక్క తీసేవాడు.

దండెం మీద చొక్కా గీస్తే — రేపు ఎండ.

చొక్కాను మడతపెట్టి గీస్తే — రేపు వాన.

అంతే. అక్షరం రానివాడికి కూడా ఆకాశం చదవడం వచ్చేది.

ఆ రోజుల్లో ఆయన సుద్దముక్క ఎత్తితే మబ్బులు గోలకొండ దగ్గరే ఆగి, లోపలికి రావచ్చునా అని కబురు పంపేవి. ఒకసారి మడత చొక్కా గీసి, ఎందుకో ఒళ్ళు మండి చెరిపేశాడు. బయల్దేరిన వాన సగం దారిలో వెనక్కి మళ్ళింది. చార్మినారుకు అటు తడి, ఇటు పొడి. చూసినవాళ్ళున్నారు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు — ఒక్కటంటే ఒక్కరోజు — ఆయన చెప్పింది తప్పలేదు.

ఒట్టు.

బందరు దగ్గర సముద్రపు గాలికి పెరిగిన మనిషి. వాతావరణ ఆఫీసు ఉద్యోగంలో బదిలీ వచ్చి, అరవై ఎనిమిదిలో, భార్య శారదాంబతో, రెండు ట్రంకుపెట్టెలతో హైదరాబాదులో దిగాడు.

పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు ఆవరణలో వానడబ్బా మూత తీయడం. పడ్డ నీళ్ళు కొలగ్లాసులోకి ఒంపడం. కన్ను నీటిమట్టానికి సమంగా దించి చూడడం. తెల్లటి చెక్కపెట్టె తలుపు తెరిచి, లోపలి థర్మామీటరు చూసి, రాత్రి ఎంత చల్లబడిందో రాసుకోవడం. ఊళ్ళ నుంచి వచ్చిన టెలిగ్రాములు వరసగా పేర్చడం. చివరికి, రేడియో వాళ్ళ కోసం నాలుగు వాక్యాలు తెలుగులో రాయడం.

ఒకటి రెండు చోట్ల భారీ వర్షం కురిసే అవకాశం ఉంది...

ఎన్నిసార్లు రాశాడో ఆ వాక్యం.

ఆ వాక్యాన్ని పట్టుకుని వదలనివాడు పెంటయ్య.

పెంటయ్య చాకలి. పురానాపూల్ కింద, మూసీలో, అతనికీ భార్య నీలమ్మకూ ఒక చాకిబండ. సాయంత్రం గాడిద మీద ఉతికిన మూటలేసుకుని శాలిబండ వచ్చేవాడు. హోటలు ముందు గాడిదను నిలిపి, సాసరులో టీ ఊదుకుంటూ మొదలుపెట్టేవాడు.

"సార్, రేడియోల ఒకటి రెండు చోట్ల అంటరు గద. ఆ చోట్లు ఏడుంటయి?"

"అది ముందే తెలియదు పెంటయ్యా."

"తెల్వకుంటె ఎట్ల చెప్తరు? పేర్లు రాయున్రి. నేను ఆడికి పోనే పోను."

గల్లా వెనకనుంచి హోటలు భాయ్ అందుకునేవాడు. "అరే, ఆ చోటు ఇంకేడిది? నీ గాడిద నెత్తి మీదనే!"

హోటలంతా నవ్వు. గాడిద తప్ప అందరూ నవ్వేవాళ్ళు.

ఆ చొక్కా బొమ్మ పుట్టింది కూడా పెంటయ్య వల్లనే. మొదట్లో రాఘవరావు బల్ల మీద అంకెలు రాసేవాడు. డిగ్రీలు. గాలిలో తేమ ఎంత. చక్కటి అంకెలు. ఎవరూ చూసేవాళ్ళు కాదు. మూడు నెలల తర్వాత పెంటయ్య వచ్చి బల్ల ముందు నిలబడి, తల గోక్కుని అడిగాడు.

"ముప్పై నాలుగంటె నా బట్టలు ఆర్తయా, ఆరయా? గది చెప్పున్రి."

రాఘవరావు చేతిలో సుద్దముక్క ఆగింది. అంత చదువులోనూ ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది. అంకెలు చెరిపేశాడు. ఒక అడ్డగీత గీశాడు.

ఇందాక పెట్టిన ఒట్టు ఇక్కడ తీసి గట్టున పెడుతున్నాను. ఆయన తప్పేవాడు. పదిరోజులకు మూడురోజులు తప్పేవాడు. వానాకాలంలో నాలుగు. మబ్బులు ఆయన మాట వినడం అటుంచి, ఆయన్ని చూస్తే దారి మార్చుకునేవేమో అనిపించేది. తడిసిన మూటతో పెంటయ్య వచ్చి, ఒక లాల్చీ తీసి, సరిగ్గా బల్ల కిందనే పిండేవాడు.

"సార్, గిదే మీ ఎండ. పట్టుకోన్రి."

నీలమ్మ ఇంకా గట్టిది. ఒకనాడు రాఘవరావు చొక్కాను తడితడిగానే మడతపెట్టి శారదాంబ చేతిలో పెట్టింది. "సారు గీసిన ఎండకు గింతే ఆరిందమ్మా. మిగిలింది ఆయన్నే ఆరబెట్టుకొమ్మనున్రి" అని చెప్పి, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది. శారదాంబ నవ్వలేక కూలబడింది.

తప్పిన ప్రతిసారీ అందరూ నవ్వారు. తప్పిన ఏ రోజూ ఎవరికీ ఏమీ కాలేదు.

ఆయన్ని కూల్చింది — తప్పని రోజు.

డెబ్బైలలో ఒక శ్రావణం. పెళ్ళిళ్ళ బట్టలు రేవు నిండా. ఆ సాయంత్రం గాడిద తాడు పట్టుకుని నీలమ్మే వచ్చింది. రాఘవరావు చొక్కా గీస్తుంటే పక్కన నిలబడి చూసింది. దండెం మీద చొక్కా. చేతులు బాగా చాచి.

"పక్కాయేనా సార్? పెండ్లోల్ల బట్టలు. నడిమిట్ల ఇసుక దిబ్బ మీద ఆరేస్త."

"ఒక్క చుక్క పడితే మీసం తీసేస్తాను నీలమ్మా."

"అమ్మో, మీసం తీస్తె అమ్మగారు ఇంట్లకు రానియ్యరు."

నవ్వుకుంటూ పోయింది. గాడిద గిట్టల చప్పుడు సందు చివరిదాకా వినిపించింది.

మర్నాడు ఎనిమిదిన్నరకు వానడబ్బా పొడి. కొలగ్లాసులో సున్నా. ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది.

టెలిగ్రాములు వచ్చాయి. ఎగువ నుంచి ఒకటి. మూసీ పుట్టిన అనంతగిరి కొండల వైపు నుంచి. రాత్రంతా అక్కడ వాన. అంకె చూసి ఆయన కనుబొమలు పైకి లేచాయి. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

చిన్నగా నవ్వుకున్నాడు.

ఒకటి రెండు చోట్ల అని రాశాడు. ఒక చోట పడింది. హైదరాబాదులో ఎండ అన్నాడు. ఎండ కాసింది. ఒకేరోజు రెండూ నిజం కావడం మాటలా?

కొండల అంకెను కొండల గడిలో రాశాడు. హైదరాబాదు గడిలో సున్నా వేశాడు. రెండు గడులకూ మధ్య సన్నటి గీత.

ఆ గీత దాటి నీళ్ళు వస్తాయని...

తట్టలేదు.

తెలియక కాదు. నది పైనుంచి కిందికి పారుతుందని ఒకటో తరగతి పిల్లవాడు చెబుతాడు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాడికి, డబ్బాలో పడిందే వాన. ఆ డబ్బా ఉన్నదే ఊరు. ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ చుట్టరికం లేదు. గడి నిండితే పని అయిపోయినట్టు. అది ఆ కుర్చీలో కూర్చున్నవాడు మాత్రమే చేయగల పొరపాటు.

క్యారియరు విప్పి, శారదాంబ కలిపి పెట్టిన మాగాయ అన్నం తిన్నాడు. ఆవేళ మరీ రుచిగా ఉంది.

ఎగువ చెరువులు అప్పటికే నిండుకుండలు. కొత్త నీళ్ళకు వాటిలో చోటు లేదు.

మధ్యాహ్నం మూసీ రంగు మారింది. మొదట ఎర్రటి నురగ. ఆ వెనక చెత్త. ఆ వెనక — ఒక హోరు.

గట్టు మీద డప్పు కొట్టి చెప్పారట. రేవులో వంద బండల మీద బట్టల దెబ్బలు. డప్పేదో, దెబ్బేదో తెలియలేదట. తెలిసేసరికి...

నీలమ్మ గట్టెక్కింది. అందరూ చూశారు. ఒక మూట నెత్తిన పెట్టుకుని, మోకాటిలోతు నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ, గట్టెక్కింది.

మూట దించింది.

వెనక్కి తిరిగింది.

"పోకే! నీలా, పోకే!" పెంటయ్య అరిచాడు.

"మంది బట్టలు! పెండ్లోల్లకు ఏం మొకం సూపిస్త?"

అంది. వెళ్ళింది.

నెత్తిన ఎండ. దిబ్బ మీద దండేల నిండా ఆరిన బట్టలు, గాలికి ఫెళఫెళమంటూ. ఎంత బాగా ఆరాయో! చుక్క వాన లేని ఆ ఎండలో నది వచ్చి, దండేలనూ బట్టలనూ నీలమ్మనూ ఒక్క మూటగా కట్టి పట్టుకుపోయింది.

రాఘవరావుకు ఆ సాయంత్రం బల్ల దగ్గర తెలిసింది. చొక్కా ఇంకా అలాగే ఉంది. చేతులు చాచి.

ఇంటికి వెళ్ళి, అద్దం ముందు కూర్చుని, క్షౌరం కత్తి చేతిలోకి తీసుకున్నాడు. శారదాంబ మెల్లగా ఆ చెయ్యి పట్టుకుంది.

"చుక్క పడలేదు కదండీ."

ఓదార్పుకే అంది పాపం. కత్తి కింద పెట్టేశాడు. మీసం ఉండిపోయింది. తీయడానికి వీల్లేదు. పందెం ఆయనే గెలిచాడు.

మూడోనాడు రాఘవరావు వెళ్ళి పెంటయ్య గుడిసె ముందు నిలబడ్డాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. పెంటయ్య తల ఎత్తి చూశాడు. కళ్ళలో కోపం లేదు. రాఘవరావు భరించలేకపోయింది అదే.

"మీరు చెప్పింది కరెక్టే సార్" అన్నాడు పెంటయ్య. "సుక్క గూడ పడలే."

తిట్టి ఉంటే రాఘవరావు బతికిపోయేవాడు.

ఆ తర్వాత పెంటయ్య శాలిబండ రాలేదు. రేవు విడిచిపెట్టాడు. గాడిదను ఎవరికో ఇచ్చేశాడు. జహనుమాలో ఇస్త్రీబండి పెట్టుకున్నాడని విన్నారు. జహనుమా ఎంత దూరం? నడిస్తే అరగంట. ఆ అరగంట దారి ఇద్దరిలో ఎవరూ నడవలేదు.

రాఘవరావు సాయంత్రాలు మానలేదు. బస్సు దిగేవాడు. బల్ల తుడిచేవాడు. దండెం గీసేవాడు. దాని కింద ఇప్పుడు కొత్తగా ఒక అలగీత. అది నది. ఎగువన వాన పడితే అల పైకి లేచేది. లేకపోతే పడుకునేది.

చొక్కా మాత్రం గీయలేకపోయాడు. సుద్దముక్క దండెం దాకా వెళ్ళి ఆగిపోయేది.

"ఏంది సాబ్, ఉత్త తాడు గీస్తె మాకేం సమజైతది?" అని భాయ్ లొల్లి పెట్టేవాడు. ఆయన సుద్ద అంటిన వేళ్ళు ధోవతికి తుడుచుకుని, రోడ్డు వైపు చూసేవాడు. జహనుమా నుంచి వచ్చే వైపు.

ఆయనకు కావలసింది ఒక్కటే. పెంటయ్య ఒక్కసారి వచ్చి ఆ బల్ల చూడాలి. నమ్మనక్కర్లేదు. ఉమ్మేసినా సరే. చూడాలి.

వాన గురించి చెప్పేటప్పుడు నది గురించి కూడా చెబుదామని పైవాళ్ళకు ఉత్తరాలు రాశాడు. నది మన శాఖ కాదని జవాబు వచ్చింది. బడులకు వెళ్ళాడు. పిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని అడిగేవాడు — మన ఊళ్ళో చుక్క పడలేదు, మరి వరద ఎక్కణ్ణుంచి వచ్చింది?

"పైనుంచి!"

తరగతి అంతా ఒక్క గొంతుతో. ప్రతిసారీ. ప్రతిసారీ ఆయన నల్లబల్ల మీద పైనుంచి కిందికి ఒక గీత గీసి, తర్వాత మొదలుపెట్టేవాడు.

ఎనభైలు వచ్చాయి. పాత రిజిస్టర్లు ముందేసుకుని, ఏళ్ళకు ఏళ్ళు ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతే, ఒక సంగతి కనిపించింది. రాత్రులు మునుపటిలా చల్లబడడం లేదు. కొంచెమే. వెంట్రుకవాసి. కానీ ఏడాదికేడాదీ అటువైపే.

ఈసారి ఆయన నవ్వుకోలేదు. గడికీ గడికీ మధ్య ఉన్న గీతల మీద వేలు పెట్టి, చాలాసేపు కూర్చున్నాడు.

రేడియోలో పది నిమిషాలు ఇచ్చారు. మీసం పందెం లాంటిదేదైనా చెప్పండి సార్, జనం నవ్వుతారు అన్నారు. ఆయన చెప్పింది వేరు. ఆకాశానికి కూడా ఎగువ, దిగువ ఉన్నాయన్నాడు. ఒకచోట లేచిన పొగ అక్కడే ఉండదన్నాడు. మనం ఎగువన ఉన్నాం, ఇంకా పుట్టనివాళ్ళు దిగువన ఉన్నారన్నాడు. వాళ్ళ నెత్తిన ఎండే ఉంటుంది, నీళ్ళు మాత్రం మన దగ్గర్నుంచి వెళ్తాయి అన్నాడు. డప్పు కొడుతున్నాను, బట్టల చప్పుడు ఒక్క క్షణం ఆపండి...

అక్కడికి పది నిమిషాలూ అయిపోయాయి. రేడియో వాళ్ళు పాట వేశారు.

మర్నాడు హోటల్లో భాయ్ ప్రత్యేకంగా టీ పెట్టించాడు. "మస్తు చెప్పిన్రు సాబ్. గాని — రేపు వానుందా, లేదా?"

రిటైరైన ఏడు, ఎనభై ఆరులో, ఒక సాయంత్రం ఆయన దండెం గీసి, అల గీసి, వెనక్కి తిరిగాడు. పెంటయ్య నిలబడి ఉన్నాడు. తల ముగ్గుబుట్ట. పక్కన గాడిద లేదు. బల్ల వైపు చాలాసేపు చూశాడు.

"ఏంది సార్, దండెం ఖాళీ పెట్టిన్రు?"

పెంటయ్య ఆయన వేళ్ళ మధ్యనుంచి సుద్దముక్క తీసుకున్నాడు. దండెం మీద చొక్కా గీశాడు. వంకరటింకరగా. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

"రేపు ఎండనే గద?"

"ఎండే పెంటయ్యా. పైన కూడా పడలేదు. కనుక్కున్నాను."

"గట్లయితె ఆరేయున్రి సార్."

ఇక్కడ ఆపితే ఎంత బాగుండును.

మబ్బులు కబురు పంపడం ఎలాగూ ఎవరూ నమ్మలేదు, కాబట్టి దాన్ని అబద్ధం కింద రాసుకోనక్కర్లేదు. మాగాయ నిజం. మీసం నిజం. నీలమ్మ మూట దించి వెనక్కి తిరగడం నిజం — అదొక్కటీ అబద్ధమైతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

పెంటయ్య రావడం ఒక్కటే నేను కల్పించింది.

రాలేదు.

నల్లబల్ల మీద ఒక అడ్డగీత. అది దండెం. గాలి లేకపోయినా, చొక్కా లేకపోయినా...

ఊగుతున్నట్టుండేది.