పగులు ఎటు వాలింది

మాహ్‌రుఖ్ అంటే నాకు ప్రాణం. అందుకే దాని మీద అరిచినంతగా ఇంకెవరి మీదా అరవను. టెహరాన్‌లో నా దగ్గర భూకంపాలు చదువుకుంటోంది. ఆ రోజు సర్‌చెష్మే భూకంపం లెక్క తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

సర్‌చెష్మే దాని సొంతూరు. ఇళ్ళన్నీ కూలిపోయాయి. వాళ్ళ అమ్మమ్మ, బీబీ, టెంటులో ఉంటోంది. లోయకు తూర్పున ఉన్న తన దానిమ్మ తోటలోనే కొత్త ఇల్లు కట్టుకుంటానని పట్టుబట్టి, మా మాట కోసం ఎదురుచూస్తోంది.

జపాన్, గ్రీన్‌లాండ్, దక్షిణాఫ్రికాల్లో యంత్రాలు గీసిన అలలను చూసి, ఇక్కడ నేల లోపల పగులు ఎలా కదిలిందో లెక్క కడతాం. అంత దూరపు అలలతో ఒక చిక్కుంది. పగులు లోపలికి దిగుతూ తూర్పుకు వాలిందన్నా సరిపోతాయి, పడమటికి వాలిందన్నా సరిపోతాయి. ఎటు వాలితే అటువైపు ఊపు ఎక్కువ. మాహ్‌రుఖ్ తెచ్చిన కాగితం మీద పడమర ఒక్కటే ఉంది.

“తూర్పు ఏదే?”

“రెండూ ఒకేలా కుదిరాయి ఉస్తాద్. ఒకటి పెట్టా.”

“ఆ ఒకటీ ఎంచింది ఎవరు? అలలా, మీ బీబీయా?”

దాని కళ్ళు నిండాయి. “తాతయ్య నాటిన చెట్లు ఉస్తాద్. వాటిని వదిలి బీబీ బతకలేదు.”

నాకు కోపమొచ్చింది, అంతకన్నా ఎక్కువ జాలేసింది. “ఊళ్ళో పెట్టిన యంత్రాలు భూకంపం తర్వాత వస్తున్న చిన్న ప్రకంపనలన్నీ పడుతున్నాయి. అవి ఏ వాలున పేరుకుంటే అదే పగులు. అప్పటిదాకా నోరు మూసుకుని కూర్చో” అన్నాను.

వారం తిరక్కుండానే తేలింది. ప్రకంపనలు తోట కిందికే వాలుగా దిగాయి.

ఫోన్ నా ముందే, స్పీకర్‌లో పెట్టి చెయ్యమన్నాను. దాన్ని ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.

“బీబీ, తోటలో కట్టొద్దు. పగులు అటే వాలింది. నీ కోసం ముందు పడమరని రాశా. ఉస్తాద్ పట్టుకుని తిట్టారు.”

“పిచ్చి మొహమా! నా కోసమని నన్నే చంపేదానివటే?” ముసలామె నవ్వింది. తర్వాత ఆమె గొంతు తగ్గింది. “సర్లే, ఇటు పడమటి వైపే కట్టుకుంటా. చెట్ల మీద కూలడానికి కప్పుందా ఏమన్నా, వాటినక్కడే ఉండనీ. కానీ వాగు దాటి తోటకెళ్ళడం నా మోకాళ్ళ వల్ల కాదు. కోతలప్పుడు నువ్వొచ్చి నడిపించాలి.”

“వస్తా బీబీ.”

“ఆ ఉస్తాద్‌నీ తీసుకురా. నిన్ను తిట్టినందుకు మొదటి పండు ఆయనకే.”