కడుపు తోలు చెయ్యి

ఎప్పటి మాదిరే ఈరక్క జొన్నరొట్టె తడుతోంది. ఆమె కుడిచేతి చప్పుడు కాస్త మెత్తన. అరచేతిలో ఉన్నది కడుపు తోలు మరి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆదోని పత్తిమిల్లులో యంత్రం ఆ అరచేతి తోలంతా లాగేసింది. పెద్దాసుపత్రి డాక్టరు చేతిని ఆమె కడుపుకే కుట్టి, కడుపు తోలు చేతికి అతుక్కున్నాక కోసి విడదీశాడు. "కడుపునిండా తినాలమ్మా, అప్పుడే ఈ తోలు బతుకుతుంది" అని చెప్పి పంపాడు.

తోలు బతికింది. కాకపోతే కడుపు గుణం మానుకోలేదు. ఆకలిగా ఉన్న ప్రాణిని తాకితే చాలు, గుడగుడమంటుంది. ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. ఎద్దు మేత ముట్టకపోతే పక్కింటి బొజ్జన్న వచ్చేవాడు.

"ఈరక్కా, ఒకతూరి చెయ్యి పెట్టి సూడమ్మా. దీనికి రోగమో, పొగరో!"

చెయ్యి గుడగుడమంటే పొగరు. ఊరుకుంటే మందు నూరుకునేవాడు.

ఊరంతా నమ్మిన చేతికి ఇంట్లోనే మన్నన లేదు. మొగుడు సుంకప్ప కూలికని దూరం పోయాడు. వానలు మొహం చాటేసిన ఏడు. అత్త సిద్దమ్మ కోడలు తట్టిన రొట్టె ముట్టదు. "నేను ముందే తిన్యాలేమ్మీ, నువ్వు తిను" అని పక్కకు జరుగుతుంది. ఆ చెయ్యి తగలనివ్వదు.

కుట్టిన చెయ్యంటే రోత అని ఈరక్క తేల్చేసుకుంది. అత్త లేని కోడలు ఉత్తమురాలట. తనూ ఉత్తమురాలైపోదామని పుట్టింటికి మూట కట్టింది. పోతే మళ్ళీ రాకూడదనుకుంది. కడుపునిండా తిని, దారికి రెండు రొట్టెలు మూటలో పెట్టుకుంది.

"యాడికి పోతాండావు?" అంది సిద్దమ్మ.

"నా చెయ్యి నీకు రోతైతే ఈడెందుకుండాల అత్తా?"

"రోతేందే పిచ్చిదానా!" అంటూ లేవబోయి సిద్దమ్మ తూలింది. ఈరక్క గబుక్కున పట్టుకుంది. కుడిచెయ్యి అత్త వీపు మీద పడింది.

అంతలా అది ఏ ఎద్దు మీదా మొత్తుకోలేదు. పక్కింటి వాకిట్లో బొజ్జన్న తల తిప్పి చూశాడు.

"ఎన్నాళ్ళాయ అత్తా, తినక?"

"గంజినీళ్ళు తాగుతానే ఉండా. డాక్టరప్ప నిన్ను కడుపునిండా తినమన్యాడు గదమ్మీ. ఉండే జొన్నలు ఇద్దరికి యాడ సాలతాయి? తాకితే నీ చెయ్యి చెప్పేస్తాదని..."

ఈరక్కకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. మూట విప్పి, రొట్టె తుంచి, ఆ చేత్తోనే అత్త నోట పెట్టింది. పెదవులు తగిలినప్పుడల్లా చెయ్యి గుడగుడమంటూనే ఉంది. రెండో రొట్టె సగానికి వచ్చాక ఊరుకుంది.