సైడు ఇవ్వని బండి

నేను ఒక జీపును. పక్కలకు తలుపులు లేవు, పైన గుడ్డ టాపు, ముందు రెండు గుండ్రటి లైట్లు. ఎడమ లైటు కాస్త లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. అందువల్ల నేను ఎవరినో అనుమానంగా చూస్తున్నట్టు ఉంటానని అంటారు. అనుమానం నిజమే. మనుషులతో ఇన్నేళ్లు తిరిగాక ఎవరికైనా వస్తుంది.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడో ఇనుము కరిగింది, రేకు వంగింది. చివరి బోల్టు బిగించిన మనిషి ముఖం తుడుచుకుని, అదే గుడ్డతో నా అద్దం కూడా తుడిచాడు. ఆ చెమట వాసనే నాకు గుర్తున్న మొదటి సంగతి.

మొదట నన్ను కొన్నది ఒక రోడ్ల కాంట్రాక్టరు. తెల్ల బట్టలాయన. గుంటలున్న దారి మొదలవగానే నన్ను ఆపించి, దూరం నుంచే చేయి చూపి, "బాగుంది" అని వెనక్కు తిప్పించేవాడు. ఆయన దగ్గర నేను పాడు కాలేదు, బాగుపడిందీ లేదు. తరువాత ఒక విత్తనాల వ్యాపారి చేతిలో పడ్డాను. నాలుగు చక్రాలకూ బలమిచ్చే గేరు ఒకటి నాలో ఉందని ఆయనకు చివరిదాకా తెలియదు. ఊరేగింపులకు పూలు కట్టి నడిపేవాడు. ఏనుగును తెచ్చి పాలకు కట్టేసినట్టుండేది నా బతుకు.

మూడోవాడు మద్దిలేటి. నేనెందుకు పుట్టానో అతని చేతుల్లోకి వచ్చాకే నాకు తెలిసింది.

అతనిది నల్లమల అంచున కోనపల్లె. ఊరి వెనక కొండ, కొండ మీద లింగమయ్య. పైకి దారి అంటే రాళ్లు, వాగు, మళ్లీ రాళ్లు. భక్తులను ఎక్కించుకుని పైకి తీసుకుపోవడం మా పని. నన్ను ఇంటికి తెచ్చిన రోజు మద్దిలేటి భార్య సుంకులమ్మ కొబ్బరికాయ కొట్టి, నా ముందు రేకు మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. పెట్టాక రెండడుగులు వెనక్కు వేసి చూసి, "ఇప్పుడు ముఖం కళగా ఉంది" అంది. అంతకు ముందు నాకు ముఖం ఉందని ఎవరూ అనలేదు.

వాళ్లకు పిల్లలు కలగలేదు. మద్దిలేటి తమ్ముడు ఓబులేసు తల్లి పోయాక వాళ్ల దగ్గరే పెరిగాడు. చిన్నప్పుడు నా ఎడమ సీట్లో వదిన ఒళ్లో కూర్చుని నిద్రపోయేవాడు. పెద్దయ్యాక నా మీదే తోలడం నేర్చుకున్నాడు. గేరు తప్పుగా వేసి నా పళ్లు కరకరమనిపించినప్పుడల్లా మద్దిలేటి వాడి నెత్తిన ఒకటి మొట్టి, "అది బండిరా, రోకలి కాదు" అనేవాడు. సుంకులమ్మ మొట్టిన చోట చేత్తో రాసేది.

లింగమయ్యకు ఒక ఆచారం ఉంది. చైత్ర పున్నమినాడు మొదటి అభిషేకం కొండ కింది చెలమ నీళ్లతోనే జరగాలి. ఇసుకలో తవ్విన ఆ గుంట నుంచి మట్టికుండ అంచుదాకా ముంచి పైకి తీసుకుపోవాలి. కుండకు మూత పెట్టరు. పైకి చేరేదాకా నేల మీద దించరు. పూర్వం నెత్తిన మోసేవారు. జీపుల దారి పడ్డాక, బండి తోలేవాడి ఇంటి మనిషి ఒకరు ఉపవాసం ఉండి కుండను ఒళ్లో పట్టుకుని కూర్చోవడం ఆచారమైంది. కుండ మోసిన బండి తిరిగి కిందికి వచ్చేదాకా మరో బండి కొండెక్కదు. ఆ ఏడంతా జీపుల స్టాండులో మొదటి స్థానం దానిదే.

ఆ కుండ ఏటేటా నా మీదే పోయేది. ఏ రాయి దగ్గర ఎటు వంగాలో మద్దిలేటికి నిద్రలో కూడా తెలుసు. అతను రాళ్లతో మాట్లాడుకుంటూ తోలేవాడు. సుంకులమ్మ కుండతో పాటు తానూ ఊగేది తప్ప నీళ్లు తొణకనిచ్చేది కాదు.

అలాంటప్పుడు వచ్చింది అది.

నల్లది. నాకంటే ఎత్తు, నాకంటే వెడల్పు. చక్రాలు నా నడుం దాకా వస్తాయి. అద్దాలు ఎత్తితే లోపల చల్లగా ఉంటుందట, బయటి మాట వినపడదట. కొండలకే తయారుచేశారట. దాన్ని తెచ్చింది ఓబులేసు. స్టాండులో జనమంతా దాని చుట్టూ మూగారు. దానికి జంట హారను. అది కొడితే గుట్ట మీది కోతులు కూడా దిగి చూశాయి.

ఓబులేసు తాళం తెచ్చి అన్న చేతిలో పెట్టబోయాడు. "న్నా, దీన్ని తోలేది నువ్వే. నేను పక్కన కూచుంటా."

మద్దిలేటి చేయి చాచలేదు. "నా బండికి ఎదురు బండి తెచ్చి, దాన్ని నన్నే తోలమంటాండావా? నేర్పినందుకు బాగనే చేసినావ్‌లే."

"ఎదురు బండి కాదు న్నా, మన బండే."

"నా బండి నాకుంది."

అంతే. తాళం ఓబులేసు చేతిలోనే ఉండిపోయింది. మంచిమాటను నెమ్మదిగా వినే ఓపిక మనుషులకు ఎందుకుండదో నాకు ఇప్పటికీ తెలియదు. గేరు మార్చినంత సేపు ఆగితే చాలు కదా.

మద్దిలేటి అటు పోయాక సుంకులమ్మ కుంకుమ భరిణె కొంగులో దాచి తెచ్చింది. "ఇంటికొచ్చిన బండికి బొట్టు పెట్టకుంటే ఎట్లరా? ముందర పెడితే మీ అన్న చూస్తాడు" అని గొణుక్కుంటూ, దాని ఎడమ తలుపు తెరిచి, సీటు ఎదురుగా లోపలి పలక మీద చిన్న బొట్టు పెట్టింది. నాకు కోపం రాలేదు. ఆమె చేయి ఎలా ఉంటుందో నాకు తెలుసు. దానికీ తెలియాలి కదా.

ఆనాటి నుంచి పోటీ మొదలైంది. దర్శనానికి వచ్చినవాళ్లు నన్ను చూసి, దాన్ని చూసి, అటే పోయేవారు. టీ కొట్టు దస్తగిరి ఊరుకునేవాడు కాదు. "మద్దిలేటీ, నీ జీపెక్కితే లింగమయ్య కన్నా ముందు మా పక్కటెముకలు దర్శనమిస్తాండాయి!"

"ఏసీలో కూచుని కొండెక్కేటోడికి మొక్కెందుకు? ఇంట్లో టీవీలో చూసి దండం పెట్టుకోమను" అనేవాడు మద్దిలేటి. అందరూ నవ్వేవారు. నవ్వి, నల్లదాన్ని ఎక్కేవారు.

కొండదారిలో అది నా వెనక పడి జంట హారను కొట్టేది. "సైడియ్యి న్నా!" అని ఓబులేసు అరిచేవాడు. మొదట్లో ఆ అరుపులో చనువుండేది. మద్దిలేటి నన్ను దారి మధ్యకు జరిపి ఇంకా నెమ్మదిగా నడిపేవాడు. రాను రాను అరుపు పోయింది, హారను మిగిలింది. ఆ తరువాత అన్నదమ్ముల మధ్య మాట కూడా పోయింది.

చైత్రం వచ్చింది. ఈసారి కుండ కొత్త బండి మీద పోవాలని సగం ఊరు, పాత బండి మీదే పోవాలని సగం ఊరు. పూజారి వీరభద్రయ్య నెమ్మదస్తుడు. "ఈ ఏడు మద్దిలేటి బండే. కానీ నీళ్లు తొణికినా, కుండ దారిలో దించినా, వచ్చే ఏటి నుంచి ఓబులేసు బండి" అని తేల్చాడు. ఆ మాటకు ఇద్దరూ తలూపారు. మద్దిలేటికి ఇక మిగిలింది ఆ కుండ ఒక్కటే. ఆ సంగతి సుంకులమ్మకు అందరికంటే బాగా తెలుసు.

పున్నమినాడు పొద్దున్నే ఆమె తలస్నానం చేసి వచ్చి నాకు బొట్టు పెట్టింది. వేలు వణికింది. బొట్టు వంకరగా పడింది. ఎప్పుడూ అలా పడదు. సరిచేయకుండానే ఎక్కి కూర్చుంది.

కుండ ఒళ్లో పెట్టారు. డప్పులు మోగాయి. వాగు దాటేసరికి ఆమె వీపు నా సీటును గట్టిగా అదిమింది. చెమట నా రెగ్జిన్ మీదికి కారింది. ఎండకు పట్టే చెమట కాదది. చల్లగా ఉంది.

"ఏందే, అట్లున్నావు?" అన్నాడు మద్దిలేటి.

"ఏం ల్యా. నువ్వు దారి చూడు."

"ఆపమంటావా?"

"ఆపితే దించాల్సొస్తాది. పోనీ."

నాకు గొంతు ఉంటే అప్పుడే అరిచేదాన్ని. ఇంజను ఆపుకుని నిలబడిపోదామా అనుకున్నాను. కానీ నేను నడిపించేవాడి కాలి కింద ఉండేదాన్ని. ఆమె ఒక చేత్తో కుండ, ఒక చేత్తో గుండె పట్టుకుంది. నీళ్లు తొణకలేదు. ఒక్క చుక్క కూడా.

పైన వీరభద్రయ్య కుండ అందుకున్నాడు. జనం హరహర అన్నారు. మద్దిలేటి మెడలో దండ వేశారు. అతను చాలా నెలల తరువాత మనసారా నవ్వాడు. సుంకులమ్మ అది చూసి తానూ నవ్వింది. అభిషేకం అయ్యేదాకా నిలబడింది. తరువాత అతని దగ్గరకు వచ్చి, "కడుపులో తిప్పుతాంది, ఇంటికి పోదాం పా" అంది.

లింగమయ్యను నేను తప్పుపట్టను. ఇన్నేళ్లు ఆయన కొండ ఎక్కి దిగినదాన్ని. ఒక్కటే అడుగుతాను. దారిలో కుండ దించి ఉంటే ఆయన కోపగించుకునేవాడా? ఆ తల్లి దాహానికి ఆ నీళ్లే గుక్కెడు తాగినా ఏమీ అనేవాడు కాడేమో. కానీ ఆ సంగతి ఆయనను ఎవరూ అడగలేదు. మనుషులు దేవుడి తరఫున చాలా మాటలు తామే చెప్పేస్తారు.

కొండ దిగేసరికి ఆమె తల పక్కకు వాలింది. మద్దిలేటి పిలిచాడు. ఊఁ అంది కానీ కళ్లు తెరవలేదు. అక్కడ ఫోన్లకు సిగ్నలు అందదు. ఆసుపత్రి టౌనులో ఉంది, దూరం. స్టాండులో మొదట నిలబడి ఉంది నల్లది, మేము దిగడం కోసమే ఎదురుచూస్తూ. ఓబులేసు మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. "వదినకేమైంది?"

మద్దిలేటి తల తిప్పలేదు. నన్ను తారు రోడ్డు మీదికి ఎక్కించాడు.

రాళ్ల మీద నాకు పుట్టెడు బలం. తారు మీద నేను ముసలిదాన్ని. మద్దిలేటి ఎంత తొక్కినా నేను ఇవ్వగలిగింది అంతే. కాసేపటికి వెనక నుంచి వినిపించింది, జంట హారను. ఆగకుండా కొడుతున్నాడు. మద్దిలేటి పళ్లు కొరికాడు. "ఈరోజు కూడా పోటీనేనా వీనికి?" అని నన్ను రోడ్డు మధ్యకు లాగాడు.

అది కుడికి వస్తే మేము కుడికి. ఎడమకు వస్తే ఎడమకు. ఓబులేసు తల బయటపెట్టి ఏదో అరుస్తున్నాడు. "న్నా, ఆపు! వదినను నా బండిలోకి..." తలుపులు లేని నా పక్కల నుంచి గాలి హోరు, దాని మీద నా ఇంజను రొద. ఆ మాట మద్దిలేటి చెవిదాకా పోలేదు. దాన్ని మింగింది నా చప్పుడే. ఇది నేను ఎవరితో చెప్పుకోను?

సుంకులమ్మ పెదవులు కదిలాయి. "ఓబులేసు... పిలుస్తాండాడు..."

"పిలవనీలే. ఇప్పుడు వాని మాట ఎత్తొద్దు. నువ్వు కళ్లు తెరు."

ఆమె మళ్లీ మాట్లాడలేదు.

సగం దారిలో నా నీళ్లు మరిగాయి. ఆవిరి కమ్మింది. నేను ఆగిపోయాను. నల్లది పక్కకు వచ్చి ఆగింది. ఓబులేసు దిగి, అన్నను ఒక్క మాట అనకుండా, వదినను రెండు చేతుల మీద ఎత్తుకుని లోపల పడుకోబెట్టాడు. అప్పుడు మద్దిలేటికి అర్థమైంది ఆ హారను ఏమంటూ వచ్చిందో. అతను రోడ్డు మీద నిలబడిపోయాడు. "ఎక్కు న్నా!" అని తమ్ముడు అరిస్తే ఎక్కాడు. రెప్పపాటులో నల్లది మలుపు తిరిగిపోయింది. దాని వేగం అంతని నాకు అప్పుడే తెలిసింది.

నేను ఒంటరిగా రోడ్డు మీద ఉన్నాను. పొద్దు వాలుతుండగా అది తిరిగి వచ్చింది. హారను లేదు. నడిచే మనిషి కంటే కొంచెమే ఎక్కువ వేగంతో వచ్చింది. అది నెమ్మదిగా రావడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకేమీ చూడనక్కర లేకపోయింది.

నన్ను తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చింది కూడా అదే. తాడు బిగుసుకున్నప్పుడల్లా అది కాస్త ఆగి, నన్ను కుదుటపడనిచ్చి కదిలేది. మా ఇద్దరి మధ్య ఎప్పుడైనా పగ ఉండిందా అని ఆలోచించాను. లేదు. మాకు పగ ఉందని వాళ్లే అనుకున్నారు.

తరువాత మద్దిలేటి నన్ను ముట్టుకోలేదు. నేను పెరట్లో రేకుల చావడి కింద ఉన్నాను. ఎడమ సీట్లో కోడి గుడ్లు పెడుతోంది. ఓబులేసు జంట హారను ఊడబీకి పారేశాడు. అన్నదమ్ములు ఒకే పెరట్లో తిరుగుతారు, ఒకే పొయ్యి మీద వండుకుంటారు, మాట్లాడుకోరు. ఇంతకుముందు కోపంతో మాట్లాడుకోలేదు. ఇప్పుడు భయంతో. ఎవరు ముందు నోరు తెరిచినా ఆ రోడ్డు మాటే వస్తుంది కదా.

మళ్లీ చైత్రం వచ్చింది. కుండ పట్టుకుపొమ్మని వీరభద్రయ్య ఇద్దరినీ అడిగాడు. ఇద్దరూ వద్దన్నారు. ఊరివాళ్లే పూర్వంలాగా నెత్తిన పెట్టుకుని నడిచి పోయారు. దారిలో కొన్ని నీళ్లు ఒలికాయట. అభిషేకం మామూలుగానే జరిగిందట.

ఆ పొద్దున మద్దిలేటి సుంకులమ్మ భరిణె తీసుకుని నా దగ్గరకు వచ్చాడు. దుమ్ము తుడిచి బొట్టు పెట్టాడు. అతనికి చేతకాలేదు, కుంకుమ రాలింది. అలాగే నిలబడి, ఏమనుకున్నాడో, పక్కనున్న నల్లదాని వైపు నడిచాడు. ఎన్నడూ ముట్టనివాడు దాని ఎడమ తలుపు తీశాడు.

ఏం చూశాడో నాకు తెలుసు. ఓబులేసు ఆ బండిని రోజూ కడుగుతాడు, లోపలంతా తుడుస్తాడు. ఆ ఒక్క చోట గుడ్డ పెట్టడు. ఆ ఎర్రటి చుక్క, దాని చుట్టూ సన్నని దుమ్ము వలయం, అలాగే ఉన్నాయి.

మద్దిలేటి ఆ సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"రేయ్ ఓబులేసూ," అని పిలిచాడు. "బండి తీయరా."

ఓబులేసు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. తాళం పెట్టి తిప్పాడు. బండి మేలుకుంది. గేరు మీద చేయి వేసి అన్న వైపు చూశాడు.

"యాడికి న్నా?"

మద్దిలేటి ఎదురుగా ఉన్న బొట్టు వైపు చూశాడు. ఇంజను ఆడుతూనే ఉంది. అన్న ఏమైనా చెప్తాడేమోనని ఓబులేసు కాచుకున్నాడు. ఆ తరువాత తాళం వెనక్కు తిప్పి ఆపేసి, తానూ ఆ బొట్టునే చూస్తూ అన్న పక్కన కూర్చున్నాడు.