బొటనవేలు జారే చోటు

ఇదేం చర్చి కాదమ్మా అన్నాడు, సరిగ్గా ఆ మాటే అన్నాడు, ఎనభై మంది ముందు, వయొలిన్ల వాళ్ళందరూ కమానులు గాలిలో ఆపి మెడలు వెనక్కి తిప్పి నన్నే చూస్తుండగా, ఇక్కడ టాంబరీన్ అంటే ఊపడం కాదు అన్నాడు ఈ ఆర్కెస్ట్రాను నడిపించే మాకెంగో మాస్టారు, అని ఏడు నెలలైంది, ఈ ఆదివారం సాయంత్రం కచేరీ మొదలై పావుగంటైంది, ఎవరో మంత్రిగారి భార్య ముందు వరసలో కూర్చుని విసనకర్ర విసురుకుంటోంది, నా వంతు వచ్చేలోపు తొంభై ఆరు ఆవర్తనాలు లెక్కపెట్టుకోవాలి, పదకొండు, పన్నెండు, నా చెవిలో మాత్రం ఫ్లూటు లేదు, చెల్లోలు లేవు, ఆ మాటే తిరుగుతోంది, చర్చి కాదట, కింబాన్‌సేకే పేట చర్చిలో ఇరవై ఏళ్ళు ఆడవాళ్ళ వరసకు ముందు నిలబడి వాయించిన ఈ ముజింగాతో అనాల్సిన మాటేనా అది, ముజింగా మొదలుపెడితే కుర్చీలు కూడా లేచి నిలబడతాయి అనేవాడు మా పాస్టరు, ఆ చెయ్యి పట్టుకుని ఈ పెద్దమనిషి ఊపుడు అన్నాడు, పదిహేడు.

అసలు నన్ను పిలిచింది వీళ్ళు, నేనేం దేబిరించుకుంటూ రాలేదు, నా దగ్గర జడలు అల్లించుకునే ఒడెట్ ఇక్కడ వయొలిన్ వాయిస్తుంది, ఆమే చెప్పింది, అక్కా, డ్రమ్ములకు మనుషులున్నారు, టాంబరీన్‌కే ఎవరూ లేరు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళ చేతిలో పెట్టేస్తున్నారు, నువ్వు రారాదూ అని, సరే అని వచ్చాను, వచ్చిన మొదటి రోజే ఆ మాట పడింది, ఆ రాత్రే మానేద్దును, మానేస్తే ఆయన మాటే నిజమైపోతుంది కదా అన్న మంటతో మళ్ళీ గురువారం పోయాను, పోతే ఏం చేయించాడు, మూడు వారాలు, పూర్తిగా మూడు వారాలు, బల్ల మీదున్న టాంబరీన్‌ని చప్పుడు కాకుండా పైకి ఎత్తమన్నాడు, అంతే, ఎత్తు, దించు, ఒక్క బిళ్ళ గలగలమన్నా మళ్ళీ మొదటి నుంచి, నలభై ఒక్క ఏళ్ళ మనిషిని, పరాయివాళ్ళ వంటింట్లో గిన్నె ఎత్తుకుపోయే దొంగలా ఎత్తుతూ దించుతూ ఉంటే, వెనక ట్రాంబోన్ వాళ్ళు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు, వాయించడానికి వచ్చాను మాస్టారూ, మొయ్యడానికి కాదు అన్నాను, నీ వంతు కాని చోట కూడా అది నీ చేతిలోనే ఉంటుందమ్మా, అప్పుడు నోరు మూసుకోవడం దానికి ఎవరు నేర్పుతారు అన్నాడు, దానికా నాకా అని అడుగుదామనుకున్నాను, ముప్పై రెండు, ముప్పై మూడు.

ఆ తర్వాత బొటనవేలు, ఆ వేలి కథ దేవుడికే తెలియాలి, మెల్లగా వచ్చే చోట చెయ్యి ఊపకూడదట, తోలు అంచు వెంబడి బొటనవేలు నొక్కి జార్చాలట, వేలు జారుతూ వణికితే ఆ వణుకు చట్రంలోకి పోయి బిళ్ళలన్నీ సన్నగా గలగలమంటాయట, ఆయన చూపిస్తే వాన మొదలయ్యే ముందు రేకు మీద పడే చినుకుల్లా పలికింది, నేను జారిస్తే చెప్పు ఈడ్చిన చప్పుడొచ్చింది, పొద్దస్తమానం తలలకు నూనె రాసే వేలు కదా, పట్టు ఎక్కడిది, బూడిద పెట్టి తోమాను, సబ్బు పెట్టి తోమాను, ఒడెట్ తన కమానుకు రాసుకునే గుగ్గిలం ముక్క కొంచెం చిదిపి ఇచ్చింది, అది రుద్దుకుంటే వేలు పట్టింది, పట్టి పట్టి వేలి తోలు ఊడింది, మర్నాడు జడలకని నా కుర్చీలో కూర్చున్న పిల్ల, అక్కా నీ వేలేంటి గరుకు కాగితంలా ఉంది, నా జుట్టు పీకేస్తోంది అంది, పీకనీ అన్నాను, ఎవరి మీది కోపమో ఆ పిల్ల నెత్తిన చూపించాను పాపం, యాభై ఎనిమిది, కానీ ఐదో నెలలో ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయి అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, వేలు పట్టి, జారి, వణికి, చినుకులు పడ్డాయి, నా చేతి కిందే పడ్డాయి, ఆయన అటు తిరిగి కాగితాలు సర్దుకుంటున్నవాడు సర్దడం ఆపాడు, అంతే, బాగుందని ఒక్క మాట అంటే సొమ్మేం పోయింది.

అవన్నీ మింగాను, మింగలేనిది మొన్న బుధవారం జరిగింది, విదేశాల నుంచి పెట్టె వచ్చింది, అందులో కొత్త టాంబరీన్, వెండిలా తళతళలాడే బిళ్ళలు, తెల్లటి ప్లాస్టిక్ పైపొర, చట్రం మీద ఇచ్చినవాళ్ళ పేరు పెద్ద అక్షరాలతో, అందరూ చేతులు మార్చుకుంటూ మురిసిపోయారు, మాదేమో పాతది, పక్కన మాసికేసిన మేకతోలు, కాచిన టీ రంగుకు తిరిగిన కంచు బిళ్ళలు, చెమ్మ తగిలితే తోలు వదులైపోయి నిప్పు సెగ చూపిస్తే గానీ పలకదు, నేను రెండూ పక్కకు తీసుకుపోయి గంటసేపు వాయించాను, కొత్తది గట్టిగా కొట్టే చోట బ్రహ్మాండం, కాదనను, మెల్లగా వచ్చే చోట మాత్రం వేలు అరటాకు మీద జారినట్టు జారిపోతుంది, నేను ఆపాక కూడా ఆ బిళ్ళలు వాగుతూనే ఉంటాయి, పాతది నేను ఆపితే ఆగుతుంది, పాతదే అన్నాను, కుదరదమ్మా అన్నాడు మాస్టారు, ఇచ్చినవాళ్ళ మనిషి ఫొటో తీయడానికి వస్తున్నాడు, నీ చేతిలో కొత్తది కనిపించాలి, డెబ్బై నాలుగు, నా ఒళ్ళు భగ్గుమంది, చప్పుడు కాకుండా ఎత్తమని మూడు వారాలు నా పరువు తీసిన మనిషేనా ఈయన, వినడం నేర్పింది మీరే మాస్టారూ, ఇప్పుడు మీరే చెవులు మూసుకుని ఫొటోకు నిలబడమంటారా, అలాగైతే మొదటి రోజు నన్ను ఊపుకోనిచ్చి ఉండాల్సింది, చూడ్డానికి అదే బాగుండేది అన్నాను, ఎనభై మంది ముందే అన్నాను, ఆయన ఏదో అంటాడనుకున్నాను, లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు, రెండూ వాయించు, ఏది ఏదో చెప్పకు అన్నాడు, వాయించాను, మళ్ళీ అన్నాడు, మళ్ళీ వాయించాను, గోడవైపు నుంచి తిరగకుండానే, రెండోది అన్నాడు, రెండోది పాతది, ఫొటోలో ఆ కొత్తది నేను పట్టుకుంటాను, వెర్రివాడిలా కనిపించినా పరవాలేదు, నువ్వు ఇది వాయించు అన్నాడు, ఇందాక అలాగే పట్టుకున్నాడు కూడా, నల్ల కోటు వేసుకుని, పిల్లల బొమ్మ పట్టుకున్నట్టు, ఒడెట్ నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది, నేను మాత్రం నవ్వలేదు, హాలు బయట మికాతేలు, ఆ తియ్యటి పిండి ఉండలు, నూనెలో వేయించే ఆమె పొయ్యి దగ్గర నిలబడి తోలుకు సెగ చూపించుకున్నాను, నా కోపం చల్లారలేదు, గెలిచాక కూడా ఎందుకు చల్లారలేదో అర్థం కాలేదు.

తొంభై రెండు, వేలికి గుగ్గిలం ఉంది, తొంభై మూడు, ఎత్తాను, ఒక్క బిళ్ళ పలకలేదు, తొంభై ఐదు, ఫ్లూటు ఊపిరి తీసుకుంది, వేలు పెట్టాను, పట్టింది, చినుకులు ఫ్లూటు కిందికి వచ్చి చేరాయి, ఎక్కువా కాదు తక్కువా కాదు, ఎనిమిది ఆవర్తనాలు, ఆపాను, ఆగింది, మంత్రిగారి భార్య విసనకర్ర ఆపలేదు, హాల్లో ఒక్క తల కూడా నా వైపు తిరగలేదు, అక్కడ చర్చిలో మొదటి దెబ్బకే రెండు వందల మంది లేచేవారు, చప్పట్లు, కేకలు, భుజాలు పట్టుకుని ఊపేయడాలు, అంతమందిలో ఒక్కరైనా ఏ రోజైనా ఒక బిళ్ళ ఆలస్యంగా పడిందమ్మా అన్నారా, వాళ్ళు నాతో కలిసి పాడారు, నన్ను ప్రేమించారు, నిజమే, వినలేదు, ఆ మొదటి రోజు ఎనభై వాద్యాలు మోగుతుండగా నా చేతిలో ఆలస్యమైన ఒక్క బిళ్ళను పట్టుకుని మొత్తం ఆపేసిన మనిషి అక్కడ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఇప్పుడు కూడా తల కొంచెం ఇటు వంచి, కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఆ మాట అన్నందుకు ఆయన్ను నేను క్షమించను, అది అలాగే ఉండనీ, కానీ ఈ ఇరవై ఏళ్ళలో నా వాయింపు విన్నవాడు ఆ మనిషి ఒక్కడే.