కట్టెబొగ్గు మీద కాలిన కంకి

వానాకాలం వస్తే బమ్రోలిలో మా గల్లీ మొదట్లో కూర్చుని మక్కకంకులు కాలుస్తాను. మా ఆయన బట్టలకు రంగులద్దే మిల్లులో బాయిలర్ మంట చూస్తాడు. అంత పెద్ద మంట చూసీ చూసీ ఆయనకు నా కుంపటంటే చులకన. ఓ సాయంత్రం మిల్లులో అడిగి తెచ్చిన రాక్షసిబొగ్గు సంచి నా పక్కన దించాడు.

"నీ కట్టెబొగ్గు పిల్లలాట. అసలు బొగ్గంటే గిది. జర సేపట్లో ఆరిపోయేది కాదు."

"అయితే కాల్చి చూపెట్టు. గల్లీ మొత్తం చూస్తున్నది," అన్నాను.

ఇంకో కుంపటి తెచ్చి, కిరసనాయిలు పోసి అంటించాడు. మిల్లులో ఆ బొగ్గుకు పెద్ద ఫ్యాను గాలి కొడుతుంది. ఇక్కడ ఆయన చేతిలో ఉన్నది విసనకర్ర. చెమటలు కారేదాకా విసిరితే అంటుకుంది కానీ, కళ్లు మండే పొగ లేచింది. ఆ పొగలో ఆయన కాల్చిన కంకి కొరికిన పక్కింటి ఎల్లవ్వ థూ అని ఉమ్మేసింది.

"తారు తిన్నట్టే ఉన్నది!"

నా బొగ్గులో పొగంతా కట్టెను బట్టీలో కాల్చినప్పుడే పోయింది. నాలుగు విసుర్లకే నిప్పు కణకణలాడింది. గింజలు చిటపటమన్నాయి. ఉప్పు, నిమ్మకాయ రుద్ది మొదటి కంకి ఆయనకే ఇచ్చాను.

"మిల్లుల గీ కట్టెబొగ్గు పనికిరాదు," అన్నాడు నములుతూనే.

"నీ బాయిలర్ల కంకులు కాలుస్తనన్ననా నేను?"

గల్లీ గొల్లున నవ్వింది. ఆయన రెండో కంకికి చెయ్యి చాపాడు.

"లైన్ల నిలబడు," అన్నాను. "ఎల్లవ్వ ఎనుక."